రంద లేని వడ్లాయన

మానుకోటలో వడ్రంగి సదానందం ఇల్లెక్కడని అడిగితే నలుగురిలో ముగ్గురు తెలియదంటారు. రంద లేని వడ్లాయన అనండి, వెంట వచ్చి మరీ గుమ్మం ముందు నిలబెడతారు. చెక్కను చిత్రిక పట్టి నున్నగా చేసే పనిముట్టును మా దగ్గర రంద అంటారు. రంద ముట్టకుండా వడ్రంగం చేస్తాననేవాణ్ని చూసి జనం నవ్వరా మరి. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆయనతో నాకు పని పడింది మా మేడగది వల్ల. ఒక కిరాణా వ్యాపారి దగ్గర పాతికేళ్ల కిందట కొన్న ఇల్లు మాది. కింద షాబాదు బండలు, పైన మాత్రం టేకు పలకల నేల. టీచరు ఉద్యోగం చేస్తూనే ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలో మా వాడకట్టు ఆడవాళ్లకు చదువు చెప్పాను. కరోనాతో అది ఆగిపోయింది. గదికి తాళం పడింది. మొన్న రిటైరయ్యాక మళ్లీ మొదలుపెడదామని తాళం తీశాను. ఎవరో ఇనుప బీరువా ఈడ్చిన గీతలు, బెంచీ కాళ్ల గాట్లు, నేలంతా మాసి మట్టికొట్టుకుపోయి ఉంది. ఆ ఎవరో నేనే, బీరువా ఈడ్పించింది నేనే, కానీ కోపం మాత్రం అందరి మీదా వచ్చింది.

జనగామ నుంచి దినేశ్ అనే పాలిషు పనాయన వచ్చి చూశాడు. "మిషన్ వెట్టి పైపొర మొత్తం గీకి పారేస్తం మేడం. కొత్త చెక్క లెక్క అయితది" అన్నాడు. ఇదివరకే ఎవరో రెండుసార్లు గీకించినట్టున్నారు, పలకలు పలచబడ్డాయి. ఇంకోసారి గీకితే కింద వంటింట్లోకి ఊడిపడతాను. ఆయనకు టీ ఇచ్చి పంపించి సదానందానికి కబురు పెట్టాను.

సదానందం భార్య శారద నా దగ్గర ఐదేళ్లు చదువుకుంది. రెండేళ్ల కిందట చనిపోయింది. అందుకే ఆయన మెట్లెక్కుతుంటే ఎదురు పోయి నిలబడ్డాను. ఆయన మాత్రం నన్ను చూడనే లేదు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, మోకాళ్ల మీద కూర్చుని, ఉమ్మితో తడి చేసిన బొటనవేలితో ఒక పలకను రుద్దాడు. వేలి కింద ఎర్రగా టేకు రంగు తేలింది.

"గిది మైలనే టీచరమ్మా. చెక్కకు ఏం రోగం లేదు. రంద వెట్టే పనే లేదు" అన్నాడు.

"ఉన్నా పెట్టవటగా అన్నా?" అన్నాను నవ్వుతూ.

"వెట్ట. మా ఆమె అద్దన్నది."

ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది.

మొదటి రెండు రోజులు ఆయన చేసింది ఊడవడం, తుడవడమే. మెత్తని చీపురుతో పలకల సందుల్లో దుమ్ము లాగాడు. కుంకుడు నురుగులో బట్ట ముంచి, నీటి చుక్క కారకుండా పిండి, ఒక్కో పలకనూ నిలువునా తుడిచి, వెంటనే పొడి బట్టతో ఆరబెట్టాడు. నేను బకెట్టు నీళ్లు తెస్తే కసిరాడు. "నీళ్లు నిలవడ్డయనుకో, చెక్క ఉబ్బుతది. మనిషికి జలుబు అయినట్టే" అన్నాడు. నన్ను కసిరినవాళ్లు మా ఊళ్లో తక్కువ. నోరు మూసుకుని బకెట్టు కిందికి తీసుకుపోయాను.

మూడో రోజు గీతల పని. సన్న గీతల మీద పల్లిగింజ చిదిమి రుద్దాడు. ఆ నూనె పట్టి తెల్లటి గీత కళ్లముందే మాయమైంది. లోతు గాట్లకు తేనెమైనం కరిగించి, అందులో బట్టతో జల్లించిన ఎర్రమట్టి కలిపి నింపాడు. ముందు తలుపు వెనక మూలన ఒక గాటుకు పెట్టి, ఆరాక రంగు కలిసిందో లేదో చూసుకుని, అప్పుడు గదిలోకి వచ్చాడు.

"ఆ మట్టి ఎక్కడిదన్నా?"

"బయ్యారంది. శారద తల్లిగారి ఊరు. అక్కడి మట్టిల ఇనుము ఉంటది, టేకు రంగుకు సరిగ్గ దిగుతది." మైనం కలుపుతూనే, "శారద ఏడ కూసునేది టీచరమ్మా?" అని అడిగాడు.

కిటికీ పక్కన, గోడ నుంచి మూడో పలక చూపించాను. అక్కడ సన్నటి గీతలు గుంపుగా ఉన్నాయి. ఒక కాలు మడిచి కూర్చుని రాసేది శారద. అక్షరం కుదరకపోతే కాలు ఆడించేది. ఆమె మట్టెల గీతలవి. ఈ సంగతి చెప్పగానే ఆయన చేయి ఆ పలక మీదికి పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"గివి ఉండనీయుండ్రి. గీ ఒక్క పలక ఆఖరికి తుడుస్త" అన్నాడు.

శారద చదువు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. తలకట్టు, దీర్ఘం, కొమ్ము అన్నీ చక్కగా పెట్టేది. గుడి మాత్రం ఎగరగొట్టేది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఒకసారి గట్టిగా కోప్పడితే, "గుడికి దినాం పోవుడెందుకు టీచరమ్మా, పండుగకు పోతే సాలదా?" అంది. గదంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఊరుకున్నాను. తన పేరులో గుడి లేదు, మొగుడి పేరులో గుడి లేదు. అవి రాయడం వస్తే ఆమెకు ప్రపంచం రాయడం వచ్చినట్టే.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక అడిగేశాను. పక్కవాళ్ల దుఃఖం గురించి అడగకూడదని తెలుసు, కానీ నాకు ఓపిక తక్కువ. "శారద రంద ఎందుకు వద్దన్నదన్నా?"

ఆయన గోడకు ఆనుకుని చెప్పాడు. అప్పుడాయన చెల్పూర్‌లో, కరెంటు ప్లాంటు దగ్గర క్వార్టర్ల తలుపుల పనికి పోయాడు. అక్కడ మిషన్లు ఉంటాయని రంద తీసుకుపోలేదు. ఇంట్లో పనిముట్ల పెట్టెలోనే ఉంచాడు. శారద కడుపునొప్పి దాచుకుంది. తట్టుకోలేనప్పుడు పక్కింటివాళ్లు వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. ఈయన చేరేసరికి ఆమెకు మాట లేదు. మూడో రోజు పోయింది.

"అన్ని కార్యాలు అయినంక ఇంటికొచ్చి పనిముట్ల పెట్టె తీద్దామని సూస్తే, మూత మీద రాసిపెట్టి ఉన్నది. నా పెన్సిల్‌తోనే రాసింది. నేను ఇంట్ల అడుగువెట్టంగనే ఆ పెట్టె కాడికే పోతనని ఎరుక గద ఆమెకు." పక్కన పడి ఉన్న గుడ్డ మడత పెట్టాడు. "రంద దుమ్ముకు దగ్గుతున్ననని ఎప్పుడూ లొల్లి చేసేది. ఆఖరికి అదే రాసింది. ముప్పై రెండేండ్లు కలిసి బతికినం టీచరమ్మా. పోయేటప్పుడు నాకు శెప్పెతందుకు ఇంకో మాట దొరకలేదా? పైలంగ ఉండుమన్నా బాగుండు. నా కోసం ఒక్క మాట లేకపాయె. ఎప్పటికీ అదే యాదికొస్తది, ఒక్క మాట అని."

రంద అటక మీద పెట్టేశాడు. తలుపులు, ద్వారబంధాల పని పోయింది. తాళాలు బిగించడం, మంచాలు సరిచేయడం, ఇలాంటి పాలిషు పని మిగిలింది. కొడుకు తిరుపతి భూపాలపల్లి బొగ్గు బాయిలో పని చేస్తాడు, తన దగ్గరికి రమ్మంటాడు. ఈయన పోడు. ఆమె రాసిన మాట ప్రకారం ఆమె ఇంట్లో ఉండటమే ఈయనకు మిగిలిన కాపురం.

ఐదో రోజు మైనాన్ని అవిసె నూనెలో కరిగించి, పాత నూలుచీర ముక్కతో చెక్క చారల వెంబడి రుద్దాడు. రుద్ది, ఆరనిచ్చి, పొడి బట్టతో మళ్లీ రుద్దాడు. మధ్యాహ్నానికి కిటికీ ఎండ నేల మీద పడి గది మొత్తం ఎర్రగా వెలిగింది. గీకకుండా, కొయ్యకుండా, ఉన్న చెక్కే మళ్లీ బయటికి వచ్చింది. శారద చూస్తే ఎంత బాగుండేది అనిపించి, ఆ మాట పైకి అనేశాను కూడా.

ఆయన లేచి తన సంచి దగ్గరికి పోయాడు. లోపలి నుంచి గుడ్డలో చుట్టిన అరచేతంత చెక్క ముక్క తీశాడు. "పెట్టె మూత కోసి తెచ్చుకున్న. ఏడికి పోయినా నాతోనే ఉంటది. మీ శిష్యురాలి దస్తూరి సూడుండ్రి" అని నా చేతికిచ్చాడు. గుండ్రటి, ఒత్తి రాసిన అక్షరాలు.

'నేను దవాఖానకు పోతున్న. రంద పెట్టుకోకు.'

చదివాను. మళ్లీ చదివాను.

చెప్పాలా వద్దా? రెండేళ్లు ఈ మాట పట్టుకుని చేతిపని వదులుకున్న మనిషికి, నువ్వు పట్టుకున్నది అక్షరదోషమని ఎలా చెప్పను? కానీ ఆయన అడుగుతున్న ఆ ఒక్క మాట నా చేతిలోనే ఉంది. దాచితే నా కన్నా పెద్ద దొంగ ఉండదు.

బీరువా తెరిచి శారద పాత కాపీ పుస్తకం వెతికి తీశాను. "అన్నా, ఇది చదువు" అన్నాను.

ఆయన వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. "మా అత్తోళ్ల ఊరు నెల్లకుదురు. మా కొడుకు తరుపత." ఆగి నవ్వాడు. "నెల్లికుదురు గద! తిరుపతి గద! గుడులేవి టీచరమ్మా?"

"ఎప్పుడూ పెట్టలేదన్నా. ఒక్కసారి కూడా. ఇప్పుడు నీ చెక్క ముక్క చదువు. ఆమె పెట్టని గుడి నువ్వు పెట్టి చదువు."

ఆయన చెక్క ముక్క తీసుకున్నాడు. పెదవులు కదిలాయి.

"రంది..." అన్నాడు. "రంది పెట్టుకోకు."

మా వైపు దిగులును రంది అంటాం. ఊరికి పోయేవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లతో చెప్పే మాటే అది. చావు ఇంటికి పోయినా అదే చెబుతాం. శారద తన మొగుడితో అదే చెప్పి పోయింది. నేను గుడి దిద్దించి ఉంటే ఆ మాట రెండేళ్ల కిందటే ఆయనకు చేరేది. ఆ రోజు గదితో పాటు నవ్వి ఊరుకున్నది నేను.

"తప్పు నాదన్నా. పెన్సిల్ ఇటివ్వు, గుడి పెడతాను" అన్నాను ఏడుస్తూ.

ఆయన చెక్క ముక్కను ఛాతీకి ఆనించుకున్నాడు. "అద్దు. ఆమె చెయ్యి అట్లనే ఉండనీయుండ్రి. నేను నోట్ల పెట్టుకొని సదువుకుంట."

తర్వాత కిటికీ దగ్గరికి పోయి మూడో పలక ముందు కూర్చున్నాడు. మట్టెల గీతలను వదిలి, చుట్టూ మైనం రాశాడు. నా వైపు తిరగకుండానే అన్నాడు.

"అద్దన్నది ఒకటి, నేను ఇడిషింది ఒకటి. గీ రెండేండ్లు రందనే ఇడిషివెట్టిన టీచరమ్మా. రంది అయితే ఒక్కపూట గూడ ఇడవలేదు."