మావయ్య చెరువులో చెక్క బాతులు

ఈ సంగతి మా ఊళ్ళో మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు. ఒకదాంట్లో నేను మేధావిని, ఒకదాంట్లో పిచ్చివాణ్ణి, మూడోదాంట్లో చెక్క బాతులు గుడ్లు కూడా పెట్టాయి. అందుకే జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

తొంభైల చివర్లో భీమవరం దగ్గర మా మావయ్య చేపల చెరువు తవ్వించి, వేలెడేసి చేపపిల్లల్ని వదిలాడు. కొంగలూ నీటికాకులూ వాటిని ఏరుకు తినేవి. పిల్లలు దక్కకపోతే ఆ ఏడాది చెరువు ఖాళీయే.

నేను పదో తరగతితో బడి మానేసినా, టౌను లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాణ్ణి. వాటిలో ఒకటి చెక్క బాతులు చెక్కడం గురించి. మొదటి అధ్యాయం ఎవరో చింపేశారు. మిగతాదంతా వదలకుండా చదివాను. ఒక బొమ్మలో నీళ్ళ మీద చెక్క బాతులు, రెల్లుపొదలో తుపాకీతో ఓ మనిషి. నిజం పిట్ట ఒక్కటీ లేదు. బాతులు దిష్టిబొమ్మలనీ, ఆయన చెరువు కాపలాదారనీ తేల్చేసి, మన చెరువులోనూ ఇలాంటివి వదిలితే పిట్టలు దిగవని మావయ్యకి చెప్పాను.

“పుస్తకంలో ఉందా?” అన్నాడు మావయ్య.

“బొమ్మతో సహా ఉంది.”

“పిల్లలు పోయాయంటే ఆ పుస్తకాన్ని పులుసు పెట్టి నీచేత తినిపిస్తాను.”

మా వీధి వడ్రంగి, పెద్దాయన, బూరుగ చెక్కతో పన్నెండు బాతులు చెక్కాడు. నేను పక్కన నిలబడి మెడ ఎలా ఉండాలో చదివి వినిపించేవాణ్ణి. నేను వాక్యం పూర్తి చేసేలోపే ఆయన బాడిస అటు తిరిగేది. నా వివరణ అంత బాగుందనుకున్నాను.

ఇటుక ముక్కలు కట్టి బాతుల్ని చెరువులో వదిలాం. మర్నాడు పొద్దున్నకి నీళ్ళు కనబడలేదు. వాటిని చూసి పరజలనే అడవి బాతులు దిగాయి, పరజల్ని చూసి కొంగలు, కొంగల్ని చూసి నీటికాకులు. ఒక నీటికాకి చెక్క బాతు నెత్తినెక్కి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

“ఏరా, నీ కాపలావాళ్ళు చుట్టాల్ని కూడా పిలిచారేంట్రా?” అన్నాడు మావయ్య.

వడ్రంగి గట్టు మీదికొచ్చి చూశాడు. “బాగానే పనిచేత్తన్నాయండి. కొల్లేట్లో పరజల్ని పట్టేవోళ్ళకి మా తాత ఇయ్యే చెక్కేవోడండి. ఈటిని చూసి, ఇక్కడ భయం లేదనుకుని దిగుతాయండి.”

“ముందే చెప్పొచ్చు కదండీ!”

“తమరు చదూతుంటే మద్దెలో మాటాడ్డం మర్యాద కాదని ఊరుకున్నానండి.”

మావయ్య నా చేతిలో పుస్తకం వైపు చూశాడు. అత్తయ్య అడ్డుపడింది. “పిలిస్తే వచ్చే పిట్టలే కదండీ. ఆ బాతుల్ని ఇంకో చోట పెట్టి పిలవండి.”

మురుగుకాలవ అవతల నీళ్ళు నిలిచిన పల్లం ఉంది, అందులో కప్పలూ పరిగెలూ తప్ప ఎవరూ పెంచే చేపలు లేవు. బాతుల్ని అక్కడికి మార్చి, చెరువు గట్టున డబ్బాలు వాయించాం. మూడో రోజుకి పిట్టలన్నీ పల్లంలో కాపురం పెట్టాయి. చేపపిల్లలు సగానికి పైగా దక్కాయి.

“మావాడు పుస్తకం చూసి చేశాడు” అని మావయ్య ఊరంతా చెప్పాడు. నేను ఇవాళ్టిదాకా కాదనలేదు.

ఆలోచన ఇచ్చిన అత్తయ్యకి, పులుసు పెట్టని మావయ్యకి, మర్యాద తెలిసిన వడ్రంగి గారికి, పుస్తకం ఆలస్యంగా తిరిగిచ్చినా ఏమీ అనని లైబ్రేరియన్ గారికి నా కృతజ్ఞతలు. మొదటి అధ్యాయం చింపినవారికి మాత్రం, వారు కనబడ్డాక చెబుతాను.