మా పత్రికలో నా పేరు

పత్రికల కట్ట ఇంట్లోకి రాగానే, అంట్లు తోముతున్నదాన్ని తడి చేతులతోనే పరిగెత్తాను. అన్న ఇంకా పురికొస విప్పుతున్నాడు. నేను ఆగితేగా! పై కాపీ లాగేసుకున్నాను. తిరుపతిలో ముస్లిం కుర్రకారు కోసం తెలుగులో ఒక పత్రిక, అదీ మేమే వేసిన పత్రిక! ఏ పార్టీదీ కాదు, ఏ మసీదు కమిటీదీ కాదు. మా అన్న, వాడి స్నేహితులిద్దరు, వాళ్లు వద్దంటున్నా మధ్యలో దూరిన నేను. అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం.

డీటీపీ సెంటర్లు కొత్తగా వస్తున్న రోజులవి. మేం రాసినవి కంప్యూటర్ తెర మీద గుండ్రటి తెలుగు అక్షరాలై లేస్తుంటే నలుగురం ఒకే స్టూలు చుట్టూ ఎగబడేవాళ్లం. మా ఇంటి భాష ఉర్దూ, బడి భాష తెలుగు. అబ్బాకు, అంటే మా నాన్నకు, తెలుగు మాట్లాడటం బ్రహ్మాండంగా వచ్చు, చదవడం రాదు. మాకేమో ఉర్దూ చదవడం రాదు. ఉర్దూ పత్రికలు మాకు అందవు. తెలుగు పత్రికల్లో మేం పండగ రోజు ఫోటోలో తప్ప కనిపించం. అందుకే మాకంటూ ఒకటి కావాలనుకున్నాం. ఉద్యోగ పరీక్షల కబుర్లు, క్రికెట్, సినిమాలు చూడొచ్చా కూడదా అని ఇద్దరు స్నేహితుల వాదన, అన్నీ అందులో ఉన్నాయి.

నా వ్యాసం పేరు 'మా తెలుగును మెచ్చుకోకండి'. బుర్ఖా వేసుకుని నోరు తెరిస్తే చాలు, ఎదుటివాళ్లు కళ్లు పెద్దవి చేసుకుని "నువ్వు తెలుగు భలే మాట్లాడతావే!" అంటారు. పుట్టింది ఈ ఊళ్లో, పెరిగింది ఈ ఊళ్లో, తెలుగులో క్లాసు ఫస్టు. మరి ఇంకేం భాష మాట్లాడాలట? ఆ ఒళ్లుమంటంతా కక్కేశాను. ప్రతిఫలంగా నేను కోరుకుంది ఒక్కటే. కింద నా పేరు అచ్చులో చూసుకోవాలి. పేరుకు ముందు కుమారి పెట్టాలా వద్దా అని కూడా బోలెడు ఆలోచించి, వద్దనుకున్నాను.

పేజీ దొరికింది. వ్యాసం దొరికింది. కింద 'ఒక సోదరి' అని ఉంది.

"ఎవరు ఈ సోదరి?" అని ఇల్లు అదిరేలా అరిచాను.

అన్న నా వైపు చూడకుండా కాపీలు సర్దుతూ, "ఆడపిల్ల పేరు బజార్లో పడితే పెద్దవాళ్లు ఊరుకుంటారా? అబ్బా తలెత్తుకుని తిరగొద్దా?" అన్నాడు.

"అబ్బా అలా అన్నాడా?"

"అడగాలా ఏంటి? నాకు తెలుసు."

వాడికి ఆ పూట టీ ఇవ్వలేదు. కానీ కోపం కింద భయం కూడా ఉంది. అబ్బా నిజంగానే అలా అనుకుంటాడేమో! వెళ్లి అడిగే ధైర్యం లేకపోయింది.

మర్నాడు అబ్బాకు అన్నం క్యారియర్ తీసుకుని కొట్టుకి వెళ్లాను. రైల్వే స్టేషన్ దగ్గర సందులో మా టైలర్ కొట్టు. బట్ట కత్తిరించగానే వెనకవైపు పెన్సిల్‌తో గిరాకీ పేరు ఉర్దూలో రాసి పెట్టడం అబ్బా అలవాటు. రెడ్డిగారి చొక్కా అయినా, పూజారిగారి లాల్చీ అయినా మా కొట్లో ఉర్దూలోనే ఉండేవి. చిత్తూరుకు పంపాల్సిన పత్రికల కట్ట కూడా ఆ రోజు అక్కడే ఉంది, అన్న వచ్చి బస్సుకు వేయాలి.

గడప దగ్గరే ఆగిపోయాను. లోపల నా వ్యాసం వినిపిస్తోంది! ఖాకీ ప్యాంటు కోసం వచ్చిన ఆర్టీసీ కండక్టరు స్టూలు మీద కూర్చుని పైకి చదువుతున్నాడు. అబ్బా మిషను ఆపేసి వింటున్నాడు.

"'బస్సులో కండక్టరు గారు కూడా చిల్లర ఇస్తూ మా తెలుగును మెచ్చుకుంటారు.' ఓయబ్బా! మాస్టరూ, ఇది నన్నే అనింది!" కండక్టరు పగలబడి నవ్వాడు. "యెవురప్పా రాసింది?"

"మా పాపే," అన్నాడు అబ్బా. ఆ గొంతులో గర్వం విని నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"మరి పేరు లేదే? 'ఒక సోదరి' అని ఉండాది."

అబ్బా తలెత్తాడు. గడపలో నేను కనిపించాను. "నామ్ కిధర్ హై? నీ పేరేదీ?" అని అడిగాడు.

"అన్న వేయలేదు. మీకు తలవంపులని," అన్నాను.

అబ్బా కట్ట ముందుకు లాక్కుని, చెవి మీది పెన్సిల్ తీసి, కండక్టరును పేజీ చూపించమన్నాడు. 'ఒక సోదరి' పక్కన ఉర్దూలో నా పేరు రాశాడు.

"గుడ్డ మింద పేరు లేకుంటే అది యెవురిదని ఇచ్చేదప్పా నేను?" అన్నాడు కండక్టరుతో. ఇంకో కాపీ తీశాడు.

"అంతా బాగానే ఉండాది మాస్టరూ, ఈ ఉర్దూ చిత్తూరులో యెవురు సదవాల?"

అబ్బా నవ్వి సొరుగులోంచి ఇంకో పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టాడు. "దాని కింద నువ్వు తెలుగులో రాయి."

ఇద్దరం మొదలుపెట్టాం. పై వరుస ఆయనది, కింది వరుస నాది. కండక్టరు గడియారం చూసుకున్నాడు. "నా బండి ఇంగ అర్ధగంటలో చిత్తూరుకు పోతాది. కట్ట నేనే తీసకపోతా, తొందరగా కానియ్యండి. పాపా, నువ్వు తెలుగు భలే..." అని నాలిక్కరుచుకున్నాడు.

అంతలో అన్న వచ్చాడు. అబ్బా చేతిలో పెన్సిల్, నా చేతిలో పెన్సిల్, ముందు తెరిచిన పత్రికలు చూసి వాడి మొహం పాలిపోయింది. అబ్బా తిట్టలేదు. "పెన్ను ఉందా నీ దగ్గర?" అన్నాడంతే.

అన్న జేబులోంచి పెన్ను తీసి నా పక్కనే కింద కూర్చున్నాడు. వాడి చేతిరాత కోడి గీరినట్టుంటుంది. ఆ కోడి గీతల్లో, బస్సు వెళ్లిపోతుందన్న కంగారులో, నేను వద్దనుకున్న కుమారి కూడా తగిలించి, వాడు నా పేరు మళ్లీ మళ్లీ రాస్తుంటే, అంత అందమైన అచ్చు నేను ఇంతవరకూ చూడలేదు.