తువ్వాల లెక్క, జెండాల లెక్క

“అవ్వా, హాస్టల్ల లెక్క రాకపోతే నీకే ఫోన్ చేస్త.”

“నాకెందుకు బిడ్డా! ముందుగాల మీ టీచరమ్మనడుగు.”

పక్కింటి అక్షిత మొన్న జూన్‌లో జగిత్యాల గురుకులానికి పోతుంటే మేమిద్దరం చివరగా అనుకున్న మాటలివి. నేనట్లా ఎందుకన్నానో చెప్పాలంటే అంతకుముందు వానాకాలానికి పోవాలి. అప్పుడు నేను సిరిసిల్లలో, అక్షిత వాళ్ల పక్కింట్లో ఉన్నాను. ఇప్పుడు కోరుట్లలో తమ్ముడింట్లో కూర్చుని, ఆయన బిడ్డ రమతో ఇది రాయిస్తున్నాను.

మా ఆయన పోయాక ఇరవై ఏళ్లు కండెలు చుట్టి బతికాను. కండె అంటే చిన్న నూలు గొట్టం. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. దాని మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో కండె ఉంటుంది. చారల తువ్వాలలకు ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో కండెలు పేర్చి చూపేది నేనే. రంగుల వరసలో నన్ను మించినవాళ్లు లేరని నాకో గర్వం.

అక్షితది నాలుగో తరగతి. వాళ్ల టీచరమ్మ మూడు లెక్కలిచ్చింది. మూడూ సరిగా చేసినవాళ్లకే గురుకులం పరీక్షకు స్పెషల్ క్లాసు. రెండు చేసి, మూడోది పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

“ఒక కర్రకు ఎర్ర, పసుపు, నీలం జెండాలు ఒకదాని కింద ఒకటి కట్టాలె. ఎన్ని తీర్ల కట్టచ్చు అవ్వా?”

“గింతేనా! సూడు.” మూడు కండెలు నేల మీద పేర్చాను. “నడుమ ఎర్రది. నడుమ పసుపు. నడుమ నీలం. మూడే తీర్లు.”

“ఎర్ర, పసుపు, నీలం ఒకటి. నీలం, పసుపు, ఎర్ర ఇంకోటి కాదా?”

“పిచ్చిపిల్లా, తువ్వాలను తిప్పి కప్పుకుంటే రెండూ ఒకటే.”

పిల్ల మూడని రాసింది. మర్నాడు ఏడ్చుకుంటూ వచ్చింది. స్పెషల్ క్లాసులో పేరు లేదు.

ఆ పూట పని మానేసి బడికి పోయాను. “టీచరమ్మా, తప్పు నాది. పిల్ల ఆరనే అనబోయింది, నేనే ఆపిన.”

ఆమె నవ్వింది. “నీ తువ్వాలకు నీ లెక్క కరెక్టే పెద్దమ్మా. జెండాలు కర్రకున్నయ్ గద, తిప్పుతే కర్ర తలకిందులైతది.” తర్వాత అక్షిత వైపు తిరిగింది. “తెల్లది కూడా కలుపుదాం. నాలుగు జెండాలు. నువ్వే చెప్పు, అవ్వ దిక్కు సూడకు.”

పిల్ల నేల మీద వేలితో గీతలు గీసుకుంది. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

“పైన ఎర్రదుంటే కింద మిగిలిన మూడిటికి ఆరు తీర్లు,” అంది చివరికి. “పైకి ఏ రంగన్న రావచ్చు, నాలుగు రంగులు. నాలుగార్లు ఇరవై నాలుగు.”

టీచరమ్మ అక్కడే పేరు రాసుకుంది.

నాకు పని వచ్చు, నిజమే. కానీ నా పని లోపలి నుంచే చూశాను, పిల్ల అడిగింది వినలేదు. దానికి దొరికిన దారిని నేనే మూసేశాను. ఇప్పుడు ఏ పిల్ల ఏమడిగినా, “నీకేమనిపిస్తోంది?” అని ముందు నేనే అడుగుతాను.

ఏదీ రమా, రాసింది మొదటి నుంచి చదువు బిడ్డా. నేను తప్పు చెప్పిన కాడ మెల్లగ చదువు, అత్త పరువు పోతదని దాన్ని తీసేసినవేమో వినాలె.