తీర్పు చెప్పిన గది

బనియాస్‌లో గోదావరి ఆడవాళ్ళకి ఏ తగువొచ్చినా మంగాదేవి దగ్గరికే వెళ్ళాలి. ఆవిడ ఒక అరబ్బుల విల్లాలో వంటమనిషి, వయసు యాభై దాటింది. ఊళ్ళో అయితే మొగుడూ పెళ్ళాల గొడవని పెద్దల్లో పెడతారు. ఊళ్ళో అంతా దుబాయ్ అనేసే ఈ అరబ్బు దేశంలో పెద్దల్ని ఎక్కణ్ణుంచి తెస్తాం? శుక్రవారం సెలవూ, గట్టి గొంతూ ఉన్నాయి కాబట్టి మంగాదేవే మాకు పెద్దమనిషి. ఇద్దరి మాటా వింటుంది, తీర్పు చెబుతుంది, ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి తన ఎదురుగా అన్నం తినిపిస్తుంది. తనూ కోడికూర తిని, పొద్దుండగానే బస్సెక్కేస్తుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చూసే పని ఆవిడది కాదు. ఆవిడ తీర్పులన్నీ తిరిగి తిరిగి ఒక్క మాట దగ్గరికే వస్తాయి: "సర్దుకుపోవాలమ్మా." మేమంతా ఆ మాట విని సర్దుకున్నవాళ్ళమే. ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు.

కరోనా వచ్చిన ఏడాది, మార్చి నెలలో, మంగాదేవి వీరదుర్గ వాళ్ళింటికి రెండు రోజులు చుట్టంచూపుగా వెళ్ళింది. వీరదుర్గ ఆవిడతో ఒకే విమానంలో ఈ దేశంలో దిగిన స్నేహితురాలు. అల్ ఐన్ ఊరి అవతల, కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన యజమానికి, ఉన్న ఖర్జూరం తోటలో మొగుడు పెద్దిరాజుతో కలిసి ఉంటోంది. తోటని అక్కడ మజ్రా అంటారు. చెట్లూ నీళ్ళూ పెద్దిరాజు చూసుకుంటాడు, యజమాని కుటుంబం వచ్చినప్పుడు వీరదుర్గ వంట చేస్తుంది. రమ్మని ఫోన్ చేసింది మాత్రం పెద్దిరాజే.

"మా ఇంట్లో చిన్న తగువుందండి మంగక్కా. మీరేం చెప్తే అది ఇద్దరం వింటామండి," అన్నాడు. మంగాదేవికి ఆ మాటే చాలు. శుక్రవారం పొద్దున్నే కొత్త చీర కట్టుకుని బయల్దేరింది.

వాళ్ళ ఇల్లు ఒక్కటే గది. ఒక మంచం, ఏసీ, గ్యాస్ పొయ్యి, మూలన మూతపెట్టిన ఎర్ర బకెట్. బాత్రూమ్ బయట, పెరట్లో ఉంది. మంగాదేవిని మంచమ్మీద కూర్చోబెట్టి ఇద్దరూ కింద కూర్చున్నారు.

"పన్లోకి ఎల్లేటప్పుడు నన్ను లోపలెట్టి బయట తాళమేసేత్తాడక్కా," అంది వీరదుర్గ. "మద్దేనం అన్నానికొచ్చేదాకా తియ్యడు. తిని మళ్ళీ ఏసుకుపోతాడు."

"మరేం చెయ్యమంటారండి?" అన్నాడు పెద్దిరాజు. "ఆ ఎదురుగా పనోళ్ళుండే షెడ్డులో అంతా మగోళ్ళే. ఎక్కడెక్కణ్ణుంచి వచ్చారో ఏంటో. నేను తోట ఆ చివరెక్కడో చెట్టెక్కి ఉంటాను. దీనికేదన్నా అయితే రేప్పొద్దున జవాబు చెప్పేదెవరండి?"

మంగాదేవి అతన్ని ఎగాదిగా చూసింది. తాగడు, కొట్టడు, అక్కా అని పిలుస్తున్నాడు. పొయ్యి మీద కూర వాసన కూడా వస్తోంది. ఇంతకంటే తేలికైన తగువు ఆవిడ చేతికి ఎప్పుడూ రాలేదు.

"అతను భయపడి ఏత్తన్నాడే, కోపమొచ్చి కాదు. ఏసీ ఉంది, ఫోనుంది. ఈ ఇసకలో బయటికెళ్ళి చూసేదేవుంది? సర్దుకుపోవాలమ్మా. పెద్దిరాజూ, నువ్వు దాని మీద గొంతెత్తకూడదు. వీరదుర్గా, నువ్వింక ఈ తాళం మాటే ఎత్తకూడదు. ఏదీ, చేతిలో చెయ్యెయ్యి."

వీరదుర్గ తలుపు వైపు ఒకసారి చూసి, ఆవిడ చేతిలో చెయ్యేసింది. ముగ్గురూ కలిసి భోంచేశారు.

చుట్టమొచ్చిందని పెద్దిరాజు శనివారం పన్లోకి పోలేదు. ఆ సాయంత్రం మంగాదేవి సంచీ సర్దుకుంటుండగా విల్లా నుంచి మేడమ్ ఫోన్ చేసింది. ఊరంతా జబ్బుగా ఉందట. ఇంట్లో ముసలాయన ఉన్నాడు, బయట తిరిగొచ్చినదాన్ని లోపలికి రానివ్వను, నేను చెప్పేదాకా అక్కడే ఉండు, అంతే, ఖలాస్ అంది. మంగాదేవి సంచీ కింద పెట్టి నవ్వింది. "చుట్టమై వచ్చి దెయ్యమై పట్టుకున్నట్టుందే నా సంగతి." కొద్ది రోజులకి బస్సులు కూడా ఆగిపోయాయి.

ఆదివారం పొద్దున్న పెద్దిరాజు టీ తాగి లేచాడు. అవి ఖర్జూరం గెలలకి పుప్పొడి దులిపే రోజులు, చేతినిండా పని. "వత్తానండి అక్కా," అన్నాడు మర్యాదగా. తలుపు మూసుకుంది. గొళ్ళెం పడింది. తాళం పడిన చప్పుడు కూడా వినబడింది.

"ఒసే, నేను లోపలున్నానని మర్చిపోయాడేంటే?" అంది మంగాదేవి.

"లేదక్కా," అంది వీరదుర్గ, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ.

మంగాదేవికి షుగరుంది. కాసేపటికి పెరట్లోకి వెళ్ళాల్సిన అవసరం పడింది. తలుపు బాదింది. పెద్దిరాజూ అని అరిచింది. ఏ చెట్టు మీద ఉన్నాడో, పలకలేదు. చీర కుచ్చిళ్ళు పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే వీరదుర్గ లేచి మూలకి వెళ్ళింది. ఎర్ర బకెట్ మూత తీసి పక్కన పెట్టింది. వచ్చి గోడవైపు తిరిగి కూర్చుంది.

శుక్రవారం ఆ బకెట్‌ని చూసి మంచినీళ్ళు కాబోలనుకుంది మంగాదేవి. అంతమంది సంసారాలు చక్కబెట్టిన మనిషి ఆ రోజు ఆ మూల కూర్చుని ఏడ్చింది.

"ఇలాగుంటన్నావటే? నాకు చెప్పొద్దటే?"

"చెప్పాను కదక్కా. మళ్ళీ ఎత్తనని నీ చేతిలో చెయ్యేశాను."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది.

మధ్యాహ్నం పెద్దిరాజు రాగానే మంగాదేవి విరుచుకుపడింది. అతను చేతులు కడుక్కుంటూ అంతా విన్నాడు. "మీ తీర్పే కదండి అక్కా? మీరే మాట మారిస్తే ఇంక పెద్దరికమేముందండి?" అన్నాడు. గొంతెత్తలేదు. దానికీ ఆవిడే మాట తీసుకుంది మరి! అతనింట్లో, అతను పెట్టిన అన్నం ముందు కూర్చుని ఆవిడ ముద్ద కలుపుకుంది.

ఆ తర్వాత రోజూ అదే. బకెట్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తుందని మంగాదేవి టీ మానేసింది, నీళ్ళు తగ్గించింది. కిటికీ ఊచల్లోంచి ఒక ఖర్జూరం చెట్టూ, ఒక నీళ్ళ ట్యాంకూ కనబడేవి. వాటినే చూసి చూసి విసిగిపోయేది. ఒక్కోసారి తలుపుకి వీపు ఆనించి కూర్చునేది. మేం ఫోన్ చేస్తే మాత్రం, "బాగానే ఉన్నానే, చుట్టరికం చేత్తన్నాను," అనేది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకుంది. పెద్దమనిషికి సిగ్గు మరీ ఎక్కువ. తను సర్దుకోమన్నవాళ్ళ మొహాలన్నీ ఆ గదిలో వరసగా గుర్తొచ్చేవని చాలాకాలం తర్వాత చెప్పింది.

కిటికీలో చెట్టుకి కాయలు పసుపెక్కాక, దారులు తెరిచారు. మేడమ్ డ్రైవర్ని పంపింది. డ్రైవర్ ఆసిమ్ గేటు దగ్గర హారన్ కొట్టాడు. షెడ్డులో మగాళ్ళంతా కారు చూడ్డానికి బయటికొచ్చారు. పెద్దిరాజు తాళం తీసి, "ఎల్లిరండి అక్కా, ఏమన్నా లోటు జరిగితే ఏమనుకోకండి," అన్నాడు.

మంగాదేవి కదల్లేదు. మొదటి రోజు ఎక్కడ కూర్చుందో సరిగ్గా అక్కడే, మంచమ్మీద కూర్చుంది.

"తగువు మళ్ళీ పెట్టండి," అంది.

"పెద్దమనిషి మాట రెండవకూడదండి."

"అప్పుడు తిని పోయే చుట్టాన్ని. ఇప్పుడు ఈ ఇంటి మనిషిని. దుర్గా, నువ్విచ్చిన మాట నీకిచ్చేత్తన్నాను. మాటాడు."

వీరదుర్గ లేచింది. వెళ్ళి ఎర్ర బకెట్ తెచ్చి మొగుడి ముందు పెట్టింది. పెద్దిరాజు తల పక్కకి తిప్పుకున్నాడు.

"బయట మగోళ్ళున్నారని కదా నీ భయం?" అంది మంగాదేవి. "సరే. ఆ గొళ్ళెం ఊడదీసి లోపలేపు బిగించు. భయమేత్తే అదే ఏసుకుంటది. భయం నీదైతే నువ్వు బయటుండు."

ఆసిమ్ మళ్ళీ హారన్ కొట్టాడు. "యల్లా!" అంటూ తొందరపెట్టాడు. మంగాదేవి మంచం దిగలేదు. షెడ్డు దగ్గరి మగాళ్ళు ఇటే చూస్తున్నారు. పెద్దిరాజు వాళ్ళ వైపు ఒకసారి చూసి, వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. ఊడదీయడానికి పట్టినంతసేపు పట్టలేదు బిగించడానికి.

మంగాదేవి సంచీ పట్టుకుని బయటికొచ్చింది. ఆవిడ వెనకే పెద్దిరాజు కూడా గడప దాటాడు. తలుపు మూసుకుంది. లోపల గొళ్ళెం పడింది.

"దుర్గా," అని అతను తలుపు తట్టాడు.

"ఆగు," అంది లోపల్నించి వీరదుర్గ. మంగాదేవి కారెక్కేటప్పటికి అతనింకా తలుపు ముందే నిలబడి ఉన్నాడు.

ఇప్పటికీ మంగాదేవే మాకు పెద్దమనిషి. కాకపోతే కరోనా నాటినుంచి మేడమ్ విల్లా గేటుకి తాళం వేసి తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంటోంది. జబ్బు పోయింది గానీ తాళం పోలేదు, శుక్రవారాలూ పోయాయి. అందుకని తగువులన్నీ ఫోన్లోనే. ఆవిడ సర్దుకోమనడం మానేసింది. మొన్న నేను మా ఇంటి గొడవ చెప్పబోతే మధ్యలోనే ఆపేసింది.

"అదంతా తర్వాత. ముందు ఇది చెప్పు. మీ తలుపుకి గొళ్ళెం ఏ వైపునుంది?"

నాకు ఒళ్ళు మండింది. "మరి మీ గేటుకో అక్కా?" అన్నాను.

"బయటే ఉందే," అంది. "అందుకే అడుగుతన్నాను."