చంద్రుణ్ణి దింపే గొలుసు

స్టేజి మీద దీపాలూ సెట్టింగులూ ఎత్తి దించే కరెంటు హాయిస్టుల బాగోగులన్నీ సింగపూర్‌లోని క్రాంజీ గోదాములో జయరామే చూసుకుంటాడు. ప్రదర్శన ముగిసి తిరిగొచ్చిన ప్రతి హాయిస్టు గొలుసునూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, కళ్ళు మూసుకుని, లింకు లింకూ తడుముతాడు. వేలికి గరుకు తగిలిందా, ఆ గొలుసు మార్చాల్సిందే. అక్కడి తేమకి తుప్పు పట్టకుండా అంటీ అంటనట్టు నూనె రాస్తాడు. మోటారు తిప్పి, చెవి ఒగ్గి, దాని చప్పుడు నచ్చితే గానీ పెట్టె మూత వెయ్యడు.

కిందటి ఆదివారం అతని కూతురు ధనశ్రీ నాట్యం చేసింది. ఆమె తల మీదుగా నిండు చంద్రుడు దిగి, గాల్లో ఆగాలి. దాన్ని దింపేవి జయరాం హాయిస్టులే. హాలంతా ధనశ్రీని చూస్తుంటే, అతను పిడికిళ్ళు బిగించి పైకే చూస్తూ కూర్చున్నాడు.

“పిల్ల కింద ఆడతా ఉంటే పైన ఏం చూస్తారండీ?” అంటూ భార్య సూర్యకుమారి మోచేత్తో పొడిచింది.

తిరుగు ట్రైన్‌లో ధనశ్రీ తన సింగపూర్ యాసలో అడిగింది. “ఎలా ఆడాను నాన్నా? హానెస్ట్‌గా చెప్పు లా!”

జయరాం తలొంచుకుని అన్నాడు. “చంద్రుడు... ఒక్క కుదుపు లేకుండా దిగాడమ్మా.”

ధనశ్రీ ఫక్కున నవ్వింది. “నీ హాయిస్ట్ కదా నాన్నా. నేను ఒక్కసారి కూడా పైకి చూడలేదు.”