లాభం, రెండు, మూడు

“ఒకటి అనడం రావట్లేదండి మామ్మగారూ. ఏడు అసలు పలకట్లేదు. నడిచేటప్పుడు చుట్లు లెక్కపెట్టమంటే ‘లాభం’ అంటారేంటండి? మతిమరుపు ముదిరిపోయింది. డాక్టరుగారికిచ్చే కాగితంలో అదే రాశాను.”

“రాసింది కొట్టెయ్. ఆవిడ మరిచిపోలేదు, కొలుస్తోంది.”

“ఏం కొలుస్తారండి? ఇక్కడ వడ్లున్నాయా?”

“నీకు బియ్యం ఎక్కడినుంచి వస్తాయో తెలుసా అసలు? ప్యాకెట్లోంచేనా?”

కొవ్వూరులో మేముండే వృద్ధాశ్రమం వరండాలో, మాచేత వ్యాయామం చేయించే శిరీషకూ నాకూ జరిగిన గొడవ ఇది. గొడవ నా గురించి కాదు, నా ఎదురు మంచం మంగతాయారు గురించి.

దెయ్యాలంటే నవ్వి ఊరుకునే మనిషిని నేను. మూడో తరగతితో బడి మానేసినా, కంటితో చూడనిదాన్ని నమ్మే అలవాటు లేదు. ఆ మాటకొస్తే వ్యాయామాన్నీ నమ్మలేదు. రోజూ ఇరవై నిమిషాలు, ఊపిరి కాస్త ఎగదన్నేలా నడిస్తే మెదడుకు రక్తం బాగా అందుతుందనీ, మతిమరుపు నెమ్మదిస్తుందనీ శిరీష చెప్పింది. చెప్పులు అరగడం తప్ప ఏమీ ఉండదన్నాను. అవి విడిచేసి, వట్టికాళ్లతో నడిచాను.

మంగతాయారుది మండపేట దగ్గర పల్లె. మూడేళ్లుగా ఇద్దరిదీ ఒకటే గది. ఈమధ్య కూతురి పేరు మరిచిపోయింది. అన్నం తిన్నదీ లేనిదీ మరిచిపోతోంది. నడక మొదలుపెట్టిన నెలకి మాత్రం ఒక సంగతి తిరిగొచ్చింది. వడ్ల కొలత.

ఈ కాలం వాళ్లకి విడమరిచి చెప్పాలి. కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని, ఆరున్నొకటి అంటారు. మా ఇంట్లోనూ అంతే. వాళ్లాయన గోనె మూతి పట్టుకుంటే మంగతాయారు కుంచంతో కొలిచి పోసేదట. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

వరండా పన్నెండు చుట్లు తిరిగేసరికి ఇరవై నిమిషాలూ అయిపోయేవి. శిరీష ఆపేసేది. అప్పుడు రోజూ నాతో ఆవిడది ఒకటే మాట.

“ఇంకొక్క కుంచం ఉంది వదినగారూ. ఆయన గోనె పట్టుకునే నిలబడ్డారు.”

వరండా చివరికి చూస్తూ అనేది. నేను పట్టించుకునేదాన్ని కాదు.

శిరీషతో గొడవైన మర్నాడే డాక్టరు వచ్చే రోజు. ఆయన ప్రశ్నలకు జవాబు చెప్పలేనివాళ్లను మేడమీద, బయటినుంచి గడియ వేసే గదిలోకి మారుస్తారు. అక్కడ నడకా ఉండదు, నేనూ ఉండను. శిరీష మెత్తబడి, “కనీసం పది దాకా సరిగ్గా చెప్పించండి మామ్మగారూ, కాగితం సంగతి నేను చూసుకుంటాను” అంది. భోజనాలయ్యాక పక్కన కూర్చుని చెప్పించబోయాను.

“కుంచం చేతిలో ఉండగా ఏడు అనమంటారేంటండీ వదినగారూ? మీకు మతిగాని పోయిందా?” అని నన్నే కసిరి, ఒత్తిగిలి పడుకుంది.

మధ్యాహ్నం మూడు కావస్తోంది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. అందుకే బాగా వినిపించింది. వరండాలో రబ్బరు చెప్పుల టపటప. “లాభం.” కాసేపటికి, “రెండు.”

మంగతాయారు గొంతే. మంగతాయారేమో నా ఎదురుగా నిద్రపోతోంది. నోరు కాస్త తెరిచి ఉంది, పెదవులు కదలట్లేదు. చెప్పులు మంచం కిందే ఉన్నాయి. ప్రతి అంకె తర్వాతా గోనెలోకి వడ్లు జారే చప్పుడు. ఆ చప్పుడు వింటూ పెరిగినదాన్ని, మరో చప్పుడు విని పొరబడను.

ఆరు తర్వాత ఆరున్నొకటి అంది ఆ గొంతు. పది దాటింది. అంతలో మా గదికీ ఆఫీసుకీ మధ్యనున్న తలుపులోంచి శిరీష విసురుగా వచ్చింది.

“మంగతాయారు గారిని ఎండలో ఒక్కరినే నడవనిచ్చారేంటండీ, మామ్మ...”

మంచం చూసి ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం అలాగే విన్నాం. పన్నెండు. ఆ తర్వాత పదమూడు. వడ్లు జారాయి. అంతే.

వరండాలోకి వెళ్లాం. గ్రిల్లుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. ఎవరూ లేరు. ఈ మోకాళ్లతోనే వంగి నేలంతా వెతికాను. ఒక్క గింజ లేదు. ముసలి బుర్ర, ఏదో అనుకుందనుకుందామంటే ఆ పిల్లా విన్నది కదా. వడ్లు కొలవడం పుట్టి ఎరగని పిల్ల, “ఇసక జారినట్టు ఆ చప్పుడేంటండీ?” అని అడిగింది.

మర్నాడు పొద్దున డాక్టరు వచ్చి లెక్కపెట్టమన్నాడు. మంగతాయారు వేళ్లు ముడుస్తూ, “ఒకటి, రెండు, మూడు” అంటూ మొదలుపెట్టింది. ఆరు దగ్గర నేను కళ్లు మూసుకున్నాను. “ఏడు” అంది, స్పష్టంగా. పది దాకా చెప్పింది. గది మార్చక్కర్లేదని డాక్టరు కాగితం మీద సంతకం పెట్టాడు.

తర్వాత నడకకి వెళ్లాం. మొదటి చుట్టు పూర్తికాగానే, ఆవిడ ఏమీ అనకపోతే, నేనే “లాభం” అన్నాను.

“ఒకటి అనాలి వదినగారూ. లాభమేంటండీ?” అని నవ్వింది.

వరండా చివరికి చూడలేదు. పన్నెండు చుట్లు కాగానే, ఎవరూ చెప్పకుండానే వెళ్లి కూర్చుంది.