బావ రక్తపరీక్ష

మా ఇంట్ల తరతరాలుగా మేనరికమే. అక్కను గూడ మేనత్త కొడుక్కే ఇచ్చిండ్రు. వాళ్ల బిడ్డకు రెండేళ్లు నిండకముందే చేతులు, కాళ్లు ఉబ్బుడు, నొప్పులకు గుక్కపట్టి ఏడ్చుడు మొదలైంది. భద్రాచలం దవాఖానాల తల్లికీ బిడ్డకూ రక్తపరీక్ష చేసి, బిడ్డకు సికిల్ సెల్ రోగమనీ, తల్లి రక్తంల దాని జాడ ఉన్నదనీ అన్నరు. తండ్రిని గూడ తీసుకరమ్మన్నరు.

"మొగోడికి పరీక్షలేంది? దోషం తల్లిలనే ఉన్నదని తేలె గదా" అన్నది మేనత్త. అంతటితో ఊకున్నదా! ఈసారి నన్ను బావకు చేసుకుంటదట. అక్క ఓ మూలకు పడి ఉంటదట, నేను మంచి పిల్లల్ని కంటనట. మా నాయన "ఆలోచిద్దాం" అన్నడు. ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పుడు నేను ఖమ్మంల డిగ్రీ చదువుతున్న. డీఎన్‌ఏ పాఠం అయ్యి ఎన్నో రోజులు కాలే. ఒంట్ల ఏ ప్రోటీన్ ఎట్ల తయారుకావాలెనో డీఎన్‌ఏల రాసి ఉంటది. అది ఉన్నకాడి నుంచి కదలదు. ఆర్‌ఎన్‌ఏ ఆ రాతను దించుకొని బయటికి తీసుకపోతే, దాన్నిబట్టి రక్తంల ఎర్రరంగు పదార్థం తయారైతది. ఒక్క అక్షరం తప్పున్నా ఆర్‌ఎన్‌ఏ అడగదు, దిద్దదు. తప్పును తప్పుగనే మోసుకపోతది, అచ్చం మా పెద్దోళ్ల లెక్క. ఆ తప్పుతోని ఎర్రకణం కొడవలి లెక్క వంగి సన్న నాళాలల్ల అడ్డం పడ్తది. అందుకే బిడ్డ అట్ల ఒర్లేది.

ఆ రాతకు తల్లి నుంచి ఒక నకలు, తండ్రి నుంచి ఒక నకలు వస్తయి. ఒకటి తప్పైనా రెండోది బాగుంటే మనిషి మంచిగనే తిరుగుతడు. రెండూ తప్పైతేనే ఈ నరకం. అంటే బావ ఇయ్యకుంటే బిడ్డకు ఈ రోగం రాదు! మా నాయన, మేనత్త ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్లే గదా, పాపమంతా మా అక్క నెత్తినేనా?

నేను గూడ పరీక్ష చేయించుకున్న. నాలో గూడ ఒక నకలు తప్పే. సంబంధం మాట్లాడ పెద్దమనుషులు కూసున్న కాడికి పోయి, "బావ రక్తమిచ్చేదాకా నా పెళ్లి మాట ఎత్తొద్దు" అన్న.

"చదువుకున్నదని నోరు లేస్తున్నది" అన్నడొకాయన.

"అవ్, లేస్తది" అన్న.

బావ మూతి ముడుచుకొని పోయి రక్తమిచ్చిండు. ఆయనదీ మా లెక్కనే అని తేలింది.

మళ్లా అందరూ కూసున్నరు. మేనత్త అక్కతోని ఒక్క మంచి మాటన్నా అంటదనుకున్న. "గట్లయితే చిన్నది వద్దు తియ్" అన్నది. "ఇద్దరికీ ఉంటేనే గదా తంటా? మావోడికి బయటి పిల్లను చూస్తం. వైరా దిక్కు సంబంధమున్నది."

థూ! నేను నెత్తీ నోరూ మొత్తుకొని చెప్పిన ముచ్చటతోనే అక్క గొంతు కోస్తున్నది.

అక్క ఏడ్వలే. బిడ్డను సంకనేసుకొని పోయి బావ ముందు నిలబడ్డది. "నీదొకటి, నాదొకటి కలిస్తేనే దీనికి ఇట్లయింది. ఒళ్లు కాలుతున్నది. లే, దవాఖానాకు పోదాం."

బావ వాళ్లమ్మ దిక్కు చూసిండు. లేవలే.

బిడ్డను నేనెత్తుకున్న.